1944 విల్లీస్ ఎంబీ: వెనక హబ్బులు, యాక్సిళ్లు మళ్లీ కట్టాలి, సలహా కావాలి

గోదావరి జీపు · ఆదివారం, రాత్రి 9.12

అందరికీ నమస్కారం. మాది తాడేపల్లిగూడెం పక్కన పల్లెటూరు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక మా తాతగారు డిస్పోజల్ వేలంలో కొన్న విల్లీస్ ఎంబీ (అమెరికా సైన్యం జీపు) ఇంకా మా దగ్గరే ఉంది. నా చిన్నప్పుడు దాని వెనకాల కూర్చునే పొలానికి వెళ్లేవాళ్లం. తర్వాత పదిహేనేళ్లు షెడ్డులో పడి ఉంది. పోయిన ఏడాది ఇంజన్ లేపాను, ఇప్పుడు వెనక చక్రాల పని పెట్టుకున్నాను.

ఎడమ వెనక బ్రేకు మీదకి ఆయిలు వస్తోందని రెండు నెలల కిందట ఒక షెడ్డులో ఇచ్చాను. అక్కడ రెండు హబ్బులూ (చక్రం బిగించే మధ్య భాగాలు) విప్పేసి పని మధ్యలో వదిలేశారు. బేరింగులు, వాషర్లు, పెద్ద నట్లు అన్నీ కలిపి ఒకే బకెట్లో వేసి ఇచ్చారు. ఏది ఎడమదో, ఏది కుడిదో తెలియదు. నట్లు ఉలి పెట్టి సుత్తితో కొట్టి తిప్పినట్టున్నారు, అంచులన్నీ నలిగిపోయాయి. ఎడమ చక్రం స్టడ్లు (చక్రం నట్లు ఎక్కే బోల్టులు) రెండు విరిగాయి. ఆ బకెట్ చూసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక ఎవరికీ ఇవ్వకుండా నేనే కడదామనుకుంటున్నాను. ఏ వాషరు ముందు, ఏది వెనక? బేరింగు ఎంత బిగించాలి? అసలు ఆయిలు ఎందుకు వచ్చింది? తెలిసినవాళ్లు ఓపిగ్గా చెప్పండి.

వరంగల్ ఫోర్‌బైఫోర్ · ఆదివారం, రాత్రి 10.05

అన్నా, నా మహీంద్రా సీజే 3బీకి పోయిన వేసవిలో ఇదే పని చేసిన. హబ్బు ఊడాలంటే పుల్లర్ (లాగి ఊడదీసే పరికరం) తప్పనిసరి. యాక్సిల్ చివర టేపర్ (కొసకి సన్నబడే భాగం) ఉంటది, దానికి హబ్బుని పట్టించే చిన్న ఇనుప ముక్క, కీ, ఉంటది. కీ కొత్తది వెయ్యి. టేపర్ మీద గ్రీజు చుక్క కూడా ఉండొద్దు, పొడిగా తుడిచి ఎక్కించాలి. మధ్య నట్టు 150 పౌండ్-అడుగుల బిగువు పెట్టి స్ప్లిట్ పిన్ను వెయ్యాలి. రంధ్రం కలవకపోతే ఇంకొంచెం బిగించాలి గానీ వెనక్కి వదలొద్దు. వదులైతే కీ తెగుతది, కీ గాడి దగ్గర యాక్సిల్ పగుల్తది. యాక్సిల్ ముందుకీ వెనక్కీ ఆడేది బ్యాకింగ్ ప్లేటు (బ్రేకు వెనక రేకు) వెనక షిమ్ములతో, అంటే పల్చటి రేకులతో, సరిచేసుకో.

గోదావరి జీపు · ఆదివారం, రాత్రి 10.31

థాంక్స్ తమ్ముడూ. కానీ నా యాక్సిల్ చివర టేపర్ లేదు, కీ కూడా లేదు. యాక్సిల్ చివరే గుండ్రంగా పళ్లెంలా ఉంది, దాని చుట్టూ ఆరు బోల్టు రంధ్రాలున్నాయి. నాది వేరే బండి యాక్సిల్ ఎవరైనా మార్చేశారా అని టెన్షన్ పట్టుకుంది.

ఒహాయో తెలుగోడు · ఆదివారం, రాత్రి 11.20

కంగారు పడకండి అన్నగారూ, మీది అసలైనదే. వరంగల్ తమ్ముడు చెప్పిన ప్రతి మాటా కరెక్టే, కాకపోతే అది సీజే 3బీ యాక్సిల్ సంగతి. అది సెమీ ఫ్లోటింగ్, బండి బరువు కూడా షాఫ్టే మోస్తుంది. మీ ఎంబీ వెనక ఉన్నది స్పైసర్ 23-2, ఫుల్ ఫ్లోటింగ్. మన దగ్గర తిరిగే జీపుల్లో ఎక్కువ మహీంద్రావి కాబట్టి మెకానిక్కులు అందరూ ఎంబీ చూడగానే పుల్లర్ కోసం వెతుకుతారు. మీ బండికి పుల్లర్ తగిలిస్తే హబ్బే పాడవుతుంది.

తేడా బయటి నుంచే తెలుస్తుంది. చక్రం మధ్యలో ఒకటే పెద్ద నట్టు, దానికి స్ప్లిట్ పిన్ను ఉంటే టేపర్ యాక్సిల్. ఆరు బోల్టుల పళ్లెం ఉంటే ఫుల్ ఫ్లోటింగ్. ఎవరి సలహా విన్నా ముందు ఇది చూసుకుని వినండి.

నేనుండేది టొలీడోకి గంటన్నర దూరంలో. విల్లీస్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు అదే. సంక్రాంతికి ఇండియా వస్తున్నాను. సీళ్లు, స్టడ్లు, పేపర్ గాస్కెట్లు ఇక్కడ సులువుగా దొరుకుతాయి. లిస్టు ఇవ్వండి, పెట్టెలో తెస్తాను.

వరంగల్ ఫోర్‌బైఫోర్ · సోమవారం, ఉదయం 6.50

సారీ అన్నా, జీపులన్నీ ఒకటే అనుకున్న. ఈ తేడా నాకు ఇప్పుడే తెలిసింది.

రిటైర్డ్ సుబేదార్, సికింద్రాబాద్ · సోమవారం, ఉదయం 8.15

నేను ఈఎంఈలో (సైన్యం బండ్లు, యంత్రాలు రిపేరు చేసే విభాగం) పనిచేసి రిటైర్ అయ్యాను. సర్వీసులో ఎక్కువగా చూసింది సైన్యం బండ్లే, జోంగాలు, నిస్సాన్లు, శక్తిమాన్ లారీలు. ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ అంటే ఏమిటో మొదట అర్థం చేసుకుంటే మీ బకెట్లోని సామాను దానంతట అదే వరసలో పడుతుంది.

మీ బండి బరువు యాక్సిల్ షాఫ్ట్ మీద లేదు. షాఫ్ట్ చుట్టూ ఉండే హౌసింగు గొట్టం చివర స్పిండిల్ ఉంది కదా, దాని మీద రెండు బేరింగులు, వాటి మీద హబ్బు. బరువంతా ఆ రెండు బేరింగుల మీద. షాఫ్ట్ చేసే పని చక్రాన్ని తిప్పడం ఒక్కటే. అందుకే ఆరు బోల్టులు విప్పి, పళ్లెం అంచు మీద చెక్క సుత్తితో రెండు తట్లు తడితే షాఫ్ట్ చేతికి వచ్చేస్తుంది. జాకీ కూడా అక్కర్లేదు, చక్రం నేల మీద అలాగే నిలబడుతుంది. యుద్ధంలో షాఫ్ట్ విరిగితే విరిగిన ముక్కలు తీసేసి, ముందు చక్రాల డ్రైవ్ వేసుకుని బండిని వెనక్కి తెచ్చుకోవచ్చు. టేపర్ యాక్సిల్లో అది కుదరదు, అక్కడ షాఫ్ట్ విరిగితే చక్రమే ఊడుతుంది.

ఇందులోనే ఒక ప్రమాదం ఉంది, పని మొదలుపెట్టే ముందు చదవండి. ఎంబీ హ్యాండ్ బ్రేకు చక్రాల్లో లేదు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక, ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక యాక్సిల్ని తిప్పే పొడవాటి కడ్డీ) మీద ఉంది. అది పట్టుకునేది యాక్సిల్ షాఫ్టుల ద్వారానే. ఒక్క షాఫ్ట్ బయటకి లాగినా, ఒక వెనక చక్రం గాల్లోకి లేపినా డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ తిప్పుడు పంచే గేర్లు) తిరిగిపోతుంది, హ్యాండ్ బ్రేకు ఉన్నా లేనట్టే. బండి దొర్లుతుంది. ముందు చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టండి. హౌసింగు కింద స్టాండు పెట్టండి. జాకీని నమ్మి చెయ్యి లోపల పెట్టొద్దు.

రిమ్ములు రెండు ముక్కలు కలిపి బోల్టులు బిగించిన కంబాట్ రిమ్ములైతే ఇంకో మాట. ఆ రెండు ముక్కలనీ పట్టి ఉంచే నట్లని టైరులో గాలి ఉండగా ముట్టుకోకండి. చక్రం ఊడదీసే ఐదు నట్లు వేరు, అవి వేరు. మొదట వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం పోనివ్వండి.

గోదావరి జీపు · సోమవారం, రాత్రి 9.40

సుబేదార్ గారూ, హ్యాండ్ బ్రేకు సంగతి చదివి లేచి వెళ్లి టార్చి లైటు వేసి చూశాను. ఒక్క ఇటుక ముక్క తప్ప ఏమీ లేదు. తాటి దుంగ కోసి నాలుగు దిమ్మలు పెట్టి వచ్చాను. మా పిల్లలు ఆ బండి చుట్టూనే ఆడుకుంటారు.

రిమ్ములు కంబాటువే. గాలి తీసేశాను.

పాత ఇనుము · సోమవారం, రాత్రి 10.10

విజయవాడ నుంచి. నాది ఫోర్డ్ జీపీడబ్ల్యూ, అంటే ఫోర్డ్ వాళ్లు చేసిన అదే జీపు, హబ్బులు మీవాటిలాంటివే. మీ బకెట్ సామానుకి వరస ఇదిగో, లోపలి నుంచి బయటికి.

హబ్బు లోపలి వైపు మొదట సీలు. దాని తర్వాత లోపలి బేరింగు, హబ్బు, బయటి బేరింగు. బయటి బేరింగుకి ఆనుకుని ఒక వాషరు వస్తుంది. దానికి లోపలికి చిన్న నాలుక ఉంటుంది, అది స్పిండిల్ మీది గాడిలో కూర్చోవాలి. ఆ నాలుక ఎందుకంటే బేరింగు తిరుగుతూ నట్టుని తనతో తిప్పుకుపోకుండా. దాని మీద బిగింపు సరిచేసే నట్టు. ఆ పైన మడత పెట్టే పల్చటి వాషరు. చివర లాక్ నట్టు. అప్పుడు పేపర్ గాస్కెట్, యాక్సిల్ షాఫ్ట్, ఆరు బోల్టులు. బోల్టుల కింద స్ప్రింగ్ వాషర్లు మర్చిపోవద్దు.

షాఫ్టులు తారుమారు కావు, భయం లేదు. క్రౌను గుండు (డిఫరెన్షియల్ ఉండే గుండ్రటి భాగం) కుడివైపుకి జరిగి ఉంటుంది కాబట్టి కుడి షాఫ్ట్ పొట్టి, ఎడమది పొడవు.

బేరింగు నంబరు కోను (రోలర్లున్న లోపలి భాగం) మీద 18590, కప్పు (బయటి రింగు) మీద 18520 ఉండాలి. లోపలిదీ బయటిదీ ఒకటే సైజు, ముందు చక్రాలకీ అదే. బండి మొత్తానికి ఎనిమిది. లోపలి రంధ్రం 41.275 మిల్లీమీటర్లు, కప్పు బయటి కొలత 73.025. ఈ నంబరు ఇప్పటికీ తయారవుతోంది, పెద్ద బేరింగు షాపుల్లో అడగండి. పాత కోనుకి కొత్త కప్పు వెయ్యొద్దు. రెండూ కలిసి అరిగినవి కలిసే ఉండాలి. మీ బకెట్లో అన్నీ కలిసిపోయాయి కాబట్టి ఏ కోను ఏ కప్పుదో ఇక చెప్పలేం. వెనక నాలుగూ కొత్తవి వేసెయ్యండి, మనసు ప్రశాంతంగా ఉంటుంది.

గోదావరి జీపు · బుధవారం, రాత్రి 8.55

ఇవాళ అన్నీ కిరోసిన్లో కడిగాను. నల్లటి మడ్డి పోయాక కోనులు ఒక్కొక్కటీ కిటికీ దగ్గర వెలుతుర్లో తిప్పి చూశాను. మూడు బాగానే ఉన్నాయి. నాలుగోది నీలం, గోధుమ రంగు కలిసిన మచ్చలతో ఉంది. ఒక రోలర్ మీద చీమ కుట్టినంత చిన్న గుంటలు. గోరుతో గీస్తే తగులుతున్నాయి.

ఇంకో విషయం, ఆరు బోల్టుల్లో రెండిటి తల మీద ఎఫ్ అక్షరం ఉంది. నా బండి విల్లీస్ కదా?

పాత ఇనుము · బుధవారం, రాత్రి 9.30

ఎఫ్ అంటే ఫోర్డ్. జీపీడబ్ల్యూ బోల్టుల మీద ఫోర్డ్ వాళ్లు ఆ అక్షరం గుద్దేవారు. రెండు బండ్ల సామానూ ఒకదానికి ఒకటి సరిపోవాలనేది సైన్యం పెట్టిన షరతు. ఇద్దరూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు చేశారు, రిపేరు డిపోల్లో చేతికి ఏది అందితే అది వేశారు. వాటిని తీసెయ్యకండి. మీ బండి ఎక్కడో ఒకసారి సైన్యంలో రిపేరు అయిందనడానికి ఆ రెండు బోల్టులే గుర్తు.

రిటైర్డ్ సుబేదార్, సికింద్రాబాద్ · గురువారం, ఉదయం 7.40

నీలం రంగు అంటే కాలింది. ఎక్కువ బిగించారు, లేదా గ్రీజు ఎండిపోయింది. చిన్న గుంటలు తేమ వల్ల కూడా వస్తాయి, పదిహేనేళ్లు నిలబడి ఉన్న బండి కదా. ఏదైనా అది పనికిరాదు.

కడిగిన బేరింగుని గాలి గొట్టంతో తిప్పకండి. ఆ విజిల్ శబ్దం కుర్రాళ్లకి సరదా. పొడి బేరింగు ఆ వేగంలో గీతలు పడుతుంది, పగిలితే కంటికి తగులుతుంది.

కప్పులు తీసేటప్పుడు లోపలి వైపు నుంచి ఇత్తడి కడ్డీతో, ఈ పక్క ఒకటి ఆ పక్క ఒకటి, చుట్టూ తిరుగుతూ కొట్టాలి. ఎక్కించేటప్పుడు కొత్త కప్పు మీద పాత కప్పు పెట్టి దాని మీద కొట్టండి. చెవి పెట్టి వినండి. కూర్చోనంతసేపు డొల్ల శబ్దం వస్తుంది. పూర్తిగా అడుగుకి చేరగానే శబ్దం మారి ఖణేల్ మంటుంది. చేతికి కూడా దెబ్బ వెనక్కి తగులుతుంది. ఆ శబ్దం రాలేదంటే కప్పు ఇంకా దిగలేదు. అలా వదిలేస్తే మీరు ఎంత జాగ్రత్తగా బిగించినా యాభై కిలోమీటర్లు పోయేసరికి కప్పు దిగి బేరింగు వదులవుతుంది.

ఆయిలు సంగతి. మీ బ్రేకు షూల మీద ఉన్నది ఏ ఆయిలు? వాసన చూశారా?

గోదావరి జీపు · గురువారం, రాత్రి 9.05

చూశాను. గంధకం లాంటి ఘాటు వాసన. హబ్బులో గ్రీజు కూడా గ్రీజులా లేదు, పల్చగా, నూనెలా జారిపోయింది. ఎడమవైపు మాత్రమే. కుడి హబ్బులో గ్రీజు గట్టిగానే ఉంది.

రిటైర్డ్ సుబేదార్, సికింద్రాబాద్ · శుక్రవారం, ఉదయం 7.20

అయితే అది బ్రేకు ఆయిలు కాదు, గేరు ఆయిలు. క్రౌను నుంచి గొట్టం వెంట హబ్బులోకి వచ్చి, గ్రీజుని కరిగించి, సీలు దాటి షూల మీద పడింది. కుర్రాళ్లు ఇలాంటప్పుడు కొత్త సీలు వేసి పంపేస్తారు, మూడు నెలలకి మళ్లీ అదే. సీలు ఓడిపోయింది సరే, ఆయిలు అక్కడిదాకా ఎందుకు వచ్చిందో చూడాలి.

మూడు చూడండి. హౌసింగు మీద గాలి వదిలే చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మూసుకుపోతే బండి వేడెక్కినప్పుడు లోపల గాలి ఒత్తిడి పెరిగి ఆయిల్ని బయటికి తోస్తుంది. ఆయిలు ఎక్కువ పోశారేమో చూడండి. దానికి పట్టేది లీటరూ పావు లోపే, ఫిల్లర్ రంధ్రం అంచు దాకా, అంతే. మూడోది, షెడ్డులో నేల ఎటు వాలు?

గోదావరి జీపు · శనివారం, మధ్యాహ్నం 2.15

సుబేదార్ గారూ, నీళ్లు పోసి చూశాను. నేల ఎడమకి వాలు, బెత్తెడు తేడా ఉంది! పైగా ఎడమ టైరు గాలి పోయి ఏళ్ల తరబడి అలాగే ఉంది. పదిహేనేళ్లు ఆయిలంతా ఎడమ గొట్టంలోకే దిగింది. బ్రీదర్ మీద మూడు పూతల పెయింటు ఉంది, కింద కందిరీగ మట్టి గూడు. సూదితో పొడిస్తే ఎండిన మట్టి రాలింది. మా నాన్నగారు పక్కనే కుర్చీ వేసుకుని చూస్తున్నారు, ఆయన వేయించిన పెయింటేనట.

పాత ఇనుము · శనివారం, సాయంత్రం 4.00

కొత్త సీలు వేసే ముందు స్పిండిల్ మీద సీలు పెదవి ఆనే చోట గోరు పెట్టి గీయండి. గాడి తగిలితే కొత్త సీలు కూడా కారుతుంది. నాకు తగిలింది. సీలుని హబ్బులో పాత చోటుకి ఒకటిన్నర మిల్లీమీటరు తేడాతో కూర్చోబెట్టాను, పెదవి అరగని చోట పడింది. గాడి లోతుగా ఉంటే పల్చటి స్లీవు వేయించాలి. పాత తోలు సీలు దొరికితే వేసే ముందు రాత్రంతా ఆయిల్లో నానబెట్టండి.

స్టడ్ల విషయం. ఎడమవైపు చక్రాల స్టడ్లకి ఎడమ మర. అంటే బిగించే వైపు తిప్పితే వదులవుతాయి. మీ షెడ్డువాళ్లకి ఇది తెలియక వీల్ పానాకి గొట్టం తగిలించి విరగ్గొట్టి ఉంటారు. కొత్తవి వేయడం కూడా తొందరపడే పని కాదు. డ్రమ్ముని హబ్బుకి పట్టి ఉంచేది ఆ స్టడ్లే. వాటి మెడని నొక్కి వెడల్పు చేసి ఉంటారు. ఆ వెడల్పు చేసిన అంచుని లేత్ మీద కోసేశాకే ప్రెస్‌తో తొయ్యాలి. కోయకుండా సుత్తితో కొడితే రంధ్రాలు సాగిపోయి హబ్బు, డ్రమ్ము రెండూ పోతాయి.

ఒహాయో తెలుగోడు · శనివారం, రాత్రి 11.45

ఎడమ మర స్టడ్లు ఐదు, నట్లు ఐదు, సీళ్లు రెండు, గాస్కెట్లు నాలుగు, మడత వాషర్లు నాలుగు, పెద్ద నట్లు నాలుగు. ఇంకా పెద్ద నట్టుకి బాక్స్ పానా. అది 2 1/16 అంగుళాలు, 52.4 మిల్లీమీటర్లు. మెట్రిక్ సెట్లలో సరిగ్గా రాదు, అందుకే అందరూ ఉలి పడతారు. అన్నీ తెస్తున్నాను. డబ్బుల మాట ఇప్పుడొద్దు అన్నగారూ, వచ్చాక ఒకసారి బండి ఎక్కించండి చాలు.

గోదావరి జీపు · కనుమ రోజు, రాత్రి 8.30

ఒహాయో తమ్ముడు భోగి రోజు మధ్యాహ్నం సామాను పట్టుకుని ఇంటికే వచ్చాడు. ఇద్దరం కలిసి ఎడమ హబ్బు కట్టాం. గ్రీజు అరచేతిలో వేసుకుని బేరింగు వెడల్పు అంచుని దానికేసి నొక్కుతూ, రెండో వైపు రోలర్ల సందుల్లోంచి గ్రీజు పురుగుల్లా బయటికి వచ్చేదాకా నింపాం.

ఇప్పుడు బిగింపు దగ్గర ఆగిపోయాం. 1944 ఫిబ్రవరి నాటి సైన్యం మాన్యువల్ టీఎం 9-803 ప్రింట్ తీసుకున్నాం. చక్రం పట్టేసేదాకా బిగించి, 1/6 చుట్టు వదలమంది. 1/6 ఎలా కొలవాలి?

రిటైర్డ్ సుబేదార్, సికింద్రాబాద్ · కనుమ రోజు, రాత్రి 9.10

నట్టుకి ఆరు పలకలు. ఒక పలక జరిగితే 1/6 చుట్టు. సుద్దముక్కతో నట్టు మూల దగ్గర ఒక గీత, హబ్బు మీద ఒక గీత పెట్టుకోండి, అంతే.

కానీ బిగించేటప్పుడు హబ్బుని రెండు వైపులా తిప్పుతూ బిగించండి. తిప్పకపోతే రోలర్లు కప్పులో సర్దుకోవు, మీకు తప్పుడు బిగువు చూపిస్తుంది. ఒక పలక వదిలాక మడత వాషరు, లాక్ నట్టు వేసి గట్టిగా బిగించండి. ఆ తర్వాత మళ్లీ చూడండి, ఈ మాట మర్చిపోకండి. లాక్ నట్టు బిగించగానే మరల్లో ఉన్న సందు పోయి లోపలి నట్టు కొంచెం లోపలికి నెట్టుకుంటుంది. ముందు సరిగ్గా ఉన్నది ఇప్పుడు బిగువైపోయి ఉండొచ్చు. అలా అయితే అన్నీ విప్పి ఇంకాస్త వదిలి మళ్లీ కట్టాలి. నేను మూడుసార్లు విప్పిన రోజులున్నాయి. చక్రం ఎక్కించి, పైనా కిందా పట్టుకుని ఊపండి. టకటక అనకూడదు. చేత్తో తిప్పి వదిలితే తనంతట తను నెమ్మదిగా ఆగాలి, గబుక్కున ఆగకూడదు. అంతా సరిపోయాకే వాషరు అంచు నట్టు పలక మీదికి మడవండి. పాత మడత మీద మళ్లీ మడవద్దు, విరుగుతుంది.

గోదావరి జీపు · ఆదివారం, రాత్రి 7.50

రెండుసార్లు విప్పాం. మూడోసారి కుదిరింది. చక్రం తిప్పి వదిలితే నాలుగు చుట్లు తిరిగి, చివర కొంచెం వెనక్కి ఊగి ఆగింది. మా నాన్నగారు కుర్చీలోంచి లేచి వచ్చి ఆయనే ఇంకోసారి తిప్పి చూశారు.

కుడివైపు కూడా నిన్న పూర్తయింది. గేరు ఆయిలు కొత్తది పోశాం, బ్రీదర్ మార్చాం, షూలకి కొత్త లైనింగు కొట్టించాం. ఇవాళ పొద్దున గూడెం పాత రన్‌వే దాకా పన్నెండు కిలోమీటర్లు తీసుకెళ్లాం. అది కూడా యుద్ధం రోజుల్లో వేసిందే. నాన్నగారు ముందు సీట్లో, ఒహాయో తమ్ముడు వెనకాల. ఆగగానే రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి, రెండూ ఒకేలా. డ్రమ్ముల వెనక చుక్క ఆయిలు లేదు.

రిటైర్డ్ సుబేదార్, సికింద్రాబాద్ · ఆదివారం, రాత్రి 8.25

చాలా సంతోషం బాబూ. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి జాకీ వేసి ఊపి చూడండి, ఆరు బోల్టులూ ఒకసారి పానా పెట్టి చూడండి. అప్పుడు కూడా ముందు చక్రాలకి దిమ్మలు పెట్టాకే.

వరంగల్ ఫోర్‌బైఫోర్ · ఆదివారం, రాత్రి 9.00

అన్నా, ఫొటోలు పెట్టు. ముందు యాక్సిల్ పని ఎప్పుడు మొదలుపెడుతున్నవ్? నేను కూడా వచ్చి చూస్త.